డిస్‌ప్లే మార్చాక కాల్‌లో స్క్రీన్ నల్లగా అయిపోతా ఉంటే, సెన్సర్ మార్పించే ముందు ఇవి చూడు

తమ్ముడూ, నువ్వు రాసింది మొత్తం రెండుసార్లు చదివా. అమ్మ ఫోను కింద పడి డిస్‌ప్లే పగిలితే నెల కిందట పల్లావరంలో ఒక షాపులో మార్పించావు, అప్పట్నించి కాల్ కలవగానే స్క్రీన్ నల్లగా అయిపోయి మళ్ళీ వెలగట్లా, అవతలోళ్ళు పెట్టేస్తే తప్ప కాల్ కట్ అవట్లా, అదే షాపుకి తీసుకుపోతే ‘సెన్సర్ పోయింది, బోర్డు పని, 2,800 అవతాది’ అన్నాడు, ఇయ్యాలా వద్దా అని అడుగుతున్నావు. ఇయ్యొద్దు. కనీసం ఈ వారం ఇయ్యొద్దు. నేను చెన్నై రిచీ స్ట్రీట్‌లో పదహారేళ్ళుగా ఫోన్లు విప్పతా ఉండా, సూళ్ళూరుపేట లోకల్‌లో పొద్దున్నే ఎక్కి ఈడకి వచ్చే బాపతు, నా అనుభవంలో నిజంగా చచ్చిపోయిన ప్రాక్సిమిటీ సెన్సర్లు, అంటే కాల్‌లో ఫోను చెవి దగ్గరికి రాగానే పసిగట్టి స్క్రీన్ ఆర్పించేవి, చాలా తక్కువ. బతికే ఉంటాది, దాని ముందర ఏదో అడ్డం పడి ఉంటాది. అందులోనూ డిస్‌ప్లే మార్చిన రోజు నుంచే మొదలైందని నువ్వే చెప్తున్నావు గదా, ఇంక అనుమానం సెన్సర్ మీద ఎందుకు, మార్చినోడి పని మీద పడాలి గానీ.

ముందు అమ్మ సంగతి చూద్దాం, రిపేరు తర్వాత. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీలోకి పోతే పవర్ బటన్ నొక్కితే కాల్ కట్ అయ్యే ఆప్షన్ ఉంటాది, కొన్ని ఫోన్లలో అది కాల్ సెట్టింగ్స్‌లో దాచిపెడతారు, వెతికి ఆన్ చెయ్యి. స్క్రీన్ నల్లగా ఉన్నా సరే పక్కన బటన్ ఒకసారి నొక్కితే కాల్ కట్ అవతాది. అమ్మకి ఇది ఒక్కటి నేర్పిస్తే చాలు, ఈ లోపల ఆమె బ్యాలెన్స్ గురించీ అవతలోళ్ళు ఏం వింటారో అనీ టెన్షన్ పడక్కర్లా. ఇంకోటి, కాల్‌లో ఉండగా వైరున్న ఇయర్‌ఫోన్ గుచ్చి చూడు. ఇయర్‌ఫోన్ పెట్టగానే ఫోను ‘చెవి దగ్గర లేదులే’ అనుకొని ప్రాక్సిమిటీని పక్కన పెట్టేస్తాది, కాబట్టి స్క్రీన్ టక్కున వెలగాలి. వెలిగిందంటే నీ డిస్‌ప్లే బాగానే ఉంది, గొడవంతా ప్రాక్సిమిటీదే అని ఖాయం. వెలగలేదంటే అసలు కథ వేరే, ఈ రాసిందంతా నీకు పనికిరాదు, డిస్‌ప్లే కనెక్టర్ చూపించుకో.

ఇంకా గట్టిగా తెలియాలంటే వాట్సాప్‌లో ఎవరిదైనా వాయిస్ మెసేజ్ ఒకటి ప్లే చెయ్యి, ఫోను టేబుల్ మీదే పెట్టి. స్క్రీన్ నల్లబడి, సౌండ్ కింద స్పీకర్లోంచి కాకుండా పైన ఇయర్‌పీస్‌లోంచి దోమ గొంతులాగా వస్తా ఉంటే, ఫోను నిజంగానే చెవి దగ్గర ఉన్నాననుకుంటోంది. మా ఈడకి చాలామంది పెద్దోళ్ళు ‘స్పీకర్ పోయింది బాబూ, పిల్లోడు పంపిన మెసేజ్ వినపడట్లా’ అని వస్తారు, స్పీకర్ మార్చేసి డబ్బులు తీసుకున్న షాపులు కూడా నాకు తెలుసు, తీరా చూస్తే ఇదే.

ఇంతకీ అది పని చేసే తీరు తెలిస్తే సగం డయాగ్నోసిస్ నువ్వే చేసుకుంటావు. లోపల ఉండేది రెండే ముక్కలు, ఒక చిన్న ఎల్ఈడీ, దాని పక్కనే ఒక ఫోటోడయోడ్. ఎల్ఈడీ మన కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ వెలుతురు వదుల్తాది, ఎక్కువ ఫోన్లలో 940 నానోమీటర్ల దగ్గర్లో, అది పోయి చెంపకి తగిలి వెనక్కి వస్తే ఫోటోడయోడ్ పట్టుకుంటాది. వెనక్కొచ్చింది ఒక హద్దు దాటితే ‘దగ్గర’, దాటకపోతే ‘దూరం’. దానికి తెలిసింది ఇంతే. వెనక్కొచ్చింది అమ్మ చెంప మీద నించా, గ్లాసుకి అంటిన పౌడర్ మీద నించా, లేక ఎల్ఈడీ వెలుతురు బయటికే పోకుండా గ్లాసు లోపలే తగిలి పక్కనున్న డయోడ్‌లో పడిందా అనేది దానికి తేడా తెలీదు. ఈ చివరిదాన్ని క్రాస్‌టాక్ అంటారు, నీ కేసులో నా అనుమానం మొత్తం దాని మీదే.

అందుకని జబ్బులు కూడా రెండే రకాలు. ఎప్పుడూ ‘దగ్గర’ అని మొండికేసేది ఒకటి, నీది అదే, దీనికి కారణం దాదాపుగా అడ్డమో లేక లోపలే తిరుగుకొట్టే వెలుతురో. ఎప్పుడూ ‘దూరం’ అనేది రెండోది, అంటే మాట్లాడతా ఉంటే చెంప తగిలి మ్యూట్ పడిపోవడం, హోల్డ్‌లో పడిపోవడం, వీడియో కాల్‌కి మారిపోవడం. ఇక్కడ వెలుతురు బయటికి పోవట్లేదనో, పోయింది తిరిగి రావట్లేదనో అర్థం. ఈ రెండోది చెప్పేవాళ్ళకి నేను మొదట అడిగేది ఒకటే, బ్లూటూత్ దేనికైనా కనెక్ట్ అయి ఉందా అని. ఇంట్లో బీరువాలో పడేసిన బడ్స్‌కో, కింద పార్కింగ్‌లో ఉన్న కారుకో తగులుకొని ఉంటాది, ఫోను ప్రాక్సిమిటీని అసలు వాడనే వాడదు, వీళ్ళేమో సెన్సర్ పోయిందని ఎండలో పడి వస్తారు.

సరే, ఇప్పుడు టెస్టు. శాంసంగ్ అయితే డయలర్‌లో *#0*# కొడితే టెస్ట్ మెనూ వస్తాది, అందులో సెన్సర్ నొక్కితే ప్రాక్సిమిటీ కనపడతాది, పైన చెయ్యి అడ్డం పెడితే స్క్రీన్ ఆకుపచ్చగా మారి వైబ్రేట్ అవతాది. షావోమి, రెడ్‌మీ అయితే *#*#6484#*#* కొట్టు. మిగతా కంపెనీల కోడ్‌లు మోడల్‌ని బట్టి మారతా ఉంటాయి, తిప్పలు పడకుండా ప్లే స్టోర్‌లో సెన్సర్ టెస్ట్ యాప్ ఏదో ఒకటి వేసుకో, పని అయ్యాక తీసెయ్యి. చాలా ఫోన్లలో రెండే నంబర్లు కనపడతాయి, 0 లేదా 5. ఇక్కడే షాపులోళ్ళు కొందరు తెలిసో తెలియకో తికమక పెడతారు, ‘చూడండి సార్ జీరో చూపిస్తోంది, సెన్సర్ డెడ్’ అని. జీరో అంటే డెడ్ కాదు. 0 అంటే దగ్గర ఏదో ఉంది అని, 5 అంటే ఏమీ లేదు అని, సెంటీమీటర్లలో. కొన్ని మోడల్స్‌లో 5 బదులు 8, 10 కూడా చూపిస్తాది, కంగారు పడొద్దు, పెద్ద నంబర్ అంటే దూరం. ఇంకో విషయం, ఈ సెన్సర్ మార్పు వచ్చినప్పుడే నంబర్ పంపిస్తాది, ఊరికే పంపిస్తా ఉండదు, అందుకని యాప్ తెరిచిన వెంటనే ఏమీ కదలకపోతే పోయిందని అనుకోవద్దు, చెయ్యి అడ్డం పెట్టి తీసి చూడు.

నీ ఫోన్‌లో 0 దగ్గర కదలకుండా ఉంటాదని నా అంచనా. అప్పుడు అదే యాప్‌లో లైట్ సెన్సర్ కూడా చూడు, లక్స్ అని ఉంటాది. టార్చ్ వేస్తే నంబర్ పెరగాలి, చేత్తో మూస్తే తగ్గాలి. చాలా ఫోన్లలో లైట్ సెన్సర్, ప్రాక్సిమిటీ రెండూ ఒకే చిప్‌లో ఉంటాయి, ఒకే స్ట్రిప్ (సన్నటి వంగే కేబుల్) మీద, ఒకే కనెక్టర్ గుండా బోర్డుకి పోతాయి. లక్స్ చక్కగా కదులుతా ఉండి ప్రాక్సిమిటీ మాత్రం 0 దగ్గర నిలిచిపోతే, చిప్‌కి కరెంటు వస్తోంది, బోర్డుతో మాట్లాడతా ఉంది, బోర్డు పని అనే మాట అక్కడితో పోయింది. రెండూ కదలకపోతే, లేదా యాప్‌లో సెన్సర్లే లేవని చూపిస్తే, అప్పుడు స్ట్రిప్ తెగిందనో కనెక్టర్ సరిగ్గా కూర్చోలేదనో అనుమానించాలి. డిస్‌ప్లే మార్చేటప్పుడు ఓపెనర్ లోతుగా దించితే పైభాగంలో స్ట్రిప్ తెగడం కొత్తేం కాదు. అప్పుడైనా మార్చాల్సింది స్ట్రిప్పే గానీ, ఈ ఒక్క రీడింగ్ చూసి బోర్డు మీద చెయ్యి పెట్టే పనిలేదు.

తర్వాత ఎవరి చేతా విప్పించకముందు స్క్రీన్ మీద అంటించిన టెంపర్ గ్లాస్ తీసెయ్యి. పగలగొట్టుకోవాల్సి వచ్చినా సరే తీసెయ్యి, నూటయాభై రూపాయల గ్లాసు కోసం చూసుకోవద్దు. కొత్త డిస్‌ప్లే వేసినోడు దాని మీద ఫ్రీగా ఒక గ్లాస్ అంటించి ఉంటాడు గదా, అంచుల్లో నల్ల రంగు ఉండే రకమైతే సెన్సర్ దగ్గర వదిలిన కిటికీ ఒక మిల్లీమీటర్ పక్కకి జరిగినా చాలు. యూవీ జిగురుతో అంటించే గ్లాసులైతే ఇంకా దారుణం, జిగురు కారి ఇయర్‌పీస్ మెష్‌లోకి దిగి గట్టిపడతాది, అది గీకి తీసేసరికి మాకు నడుం పట్టేస్తాది. గ్లాస్ తీశాక పై అంచుని మెత్తటి పొడి బ్రష్‌తో, పాత టూత్ బ్రష్ అయినా పరవాలేదు, ఫోను తలకిందులుగా పట్టుకొని దులుపు, తర్వాత కాటన్ బడ్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్లో ముంచి పిండేసి తుడువు. థిన్నర్ వద్దు, పెర్‌ఫ్యూమ్ వద్దు, సూదితో పొడవడం అసలే వద్దు. అమ్మ పౌడర్ రాసుకుంటారా, పసుపు రాసుకుంటారా? నవ్వొద్దు, చెన్నై ఉక్కపోతకి చెంప చెమటా పౌడరూ కలిసి ఆ సందులో పేస్టులాగా పేరుకుంటాది, నేను టూత్‌పిక్‌తో తీసి చూపిస్తే ఆడోళ్ళు సిగ్గుపడతారు.

ఇంత చేసినా 0 కదలకపోతే, అడ్డం లోపల ఉంది.

ఇక్కడ నా సొంత కథ ఒకటి చెప్పాలి. నేను పనిలో చేరిన రెండో ఏడు, నెల్లూరు నుంచి ఒకాయన వచ్చాడు, డిస్‌ప్లే మార్చి ఇచ్చా, అర గంటకే వెనక్కొచ్చాడు అచ్చం నీ కంప్లైంట్‌తోనే. నేను సెన్సర్ స్ట్రిప్ మార్చా. అదే. ఇంకో స్ట్రిప్ తెప్పించి వేశా. అదే. పక్క షాపు నుంచి మూడోది అడుక్కొచ్చి వేశా, మళ్ళీ అదే జీరో. ఆయనేమో సాయంత్రం ట్రైన్ పోతాదని గడియారం చూస్తా ఉన్నాడు, నాకు చెమటలు పడతా ఉన్నాయి. మా మేస్త్రి అప్పటిదాకా ఏం మాట్లాడకుండా టీ తాగతా ఉన్నాడు, గ్లాసు కింద పెట్టి ‘రబ్బర్ యాడ పెట్టావురా’ అన్నాడు. ఏం రబ్బర్? ఆ మాట నేను అప్పుడే విన్నా. చెత్తబుట్ట నేల మీద బోర్లించి పాత డిస్‌ప్లే ముక్కలన్నీ ఏరి, పైభాగం దొరికాక లైట్ కింద తిప్పి చూస్తే, లోపలి వైపు సెన్సర్ కిటికీ దగ్గర అంటుకొని ఉంది, ఆవగింజకి కాస్త పెద్దది, నల్లగా, రెండు చిన్న చిల్లులతో. ఒక చిల్లు ఎల్ఈడీకి, ఒకటి డయోడ్‌కి, మధ్యలో సన్నటి గోడ. ఆ గోడ లేకపోతే ఎల్ఈడీ వెలుతురు గ్లాసు లోపలి ముఖానికి తగిలి నేరుగా డయోడ్‌లో పడతాది. ట్వీజర్‌తో తీసి, వెంట్రుక లేకుండా తుడిచి, కొత్త డిస్‌ప్లేలో దాని చోట కూర్చోబెట్టి మూశా. 5 చూపించింది. చెయ్యి పెడితే 0. తీస్తే 5. ఆయన ట్రైన్ మాత్రం పోయింది, రాత్రి కోయంబేడు నుంచి బస్సులో పోయాడు పాపం, అప్పట్లో బస్సులన్నీ ఆడ నుంచే గదా.

నీ ఫోన్‌లో కూడా అదే జరిగి ఉండొచ్చు, లేదంటే దాని దగ్గరి చుట్టాలు ఉంటారు. కొత్త కాంబో (గ్లాసూ డిస్‌ప్లే కలిపి వచ్చే ముక్క) మీద లోపలి వైపు సన్నటి ప్రొటెక్షన్ ఫిలిం ఉంటాది, అది పీకడం మర్చిపోయి అలాగే మూసేసి ఉండొచ్చు. జిగురు కిటికీ మీదకి పాకి ఉండొచ్చు. ఫ్రేమ్ వంగి సెన్సర్‌కీ గ్లాసుకీ మధ్య సందు పెరిగి ఉండొచ్చు, కింద పడిన ఫోను కాబట్టి దీన్ని కొట్టిపారెయ్యలేం, రబ్బర్ ఉన్నా గ్లాసుని తాకకపోతే లేనట్టే. ఇంకోటి, చవక కాపీ డిస్‌ప్లేల్లో ఆ కిటికీ మీద వేసే నల్ల ఇంక్ నాసిరకంగా ఉంటాది. మన కంటికి నల్లగా కనపడతా ఇన్‌ఫ్రారెడ్‌ని మాత్రం దాటనిచ్చే ఇంక్ వెయ్యాలి, వాళ్ళు మామూలు నలుపు పూసేస్తారు.

నీ ఫోన్‌ది మొదట ఓఎల్ఈడీనా (చుక్కలే సొంతంగా వెలిగే డిస్‌ప్లే) ఎల్సీడీనా (వెనకాల నుంచి లైట్ వేసే డిస్‌ప్లే) అన్నది నువ్వు రాయలేదు, అది చాలా ముఖ్యం. కొన్ని ఓఎల్ఈడీ ఫోన్లలో ప్రాక్సిమిటీ సెన్సర్ పక్కన కాదు, డిస్‌ప్లే కిందే ఉంటాది, ప్యానెల్ గుండానే చూస్తాది. శాంసంగ్ ఎస్10 2019లో వచ్చినప్పుడు కాల్‌లో కెమెరా దగ్గర తెల్లటి చుక్క ఒకటి మినుకుమినుకు మంటా ఉంటే జనం పిక్సెల్ పోయిందని గోల చేశారు గుర్తుందా, అది ఈ సెన్సర్ పని చేస్తా ఉన్న గుర్తు. అలాంటి ఫోన్‌కి ఖర్చు తక్కువని ఎల్సీడీ కాపీ వేస్తే, ఎల్సీడీ వెనకాల బ్యాక్‌లైట్ షీట్లు ఉంటాయి గదా, వాటి గుండా సెన్సర్‌కి ఏం కనపడతాది? ఎన్ని స్ట్రిప్పులు మార్చినా, ఏ బోర్డు పని చేసినా లాభం లేదు. మళ్ళీ సరైన ఓఎల్ఈడీ వెయ్యాల్సిందే. అలాంటి ఫోన్లలో వేలిముద్ర కూడా డిస్‌ప్లే కిందే ఉంటే, డిస్‌ప్లే మార్చాక అది కూడా పని చెయ్యట్లేదా అని అమ్మని అడుగు, రెండూ ఒకేరోజు పోతే దొంగ దొరికినట్టే.

ఇంకొన్ని ఫోన్లలో అసలు ఈ సెన్సరే ఉండదు, తెలుసా? 2016లో షావోమి మీ మిక్స్ అంచుల్లేని స్క్రీన్ కోసం దాన్ని తీసేసి, ఎలిప్టిక్ ల్యాబ్స్ అనే నార్వే కంపెనీ టెక్నాలజీ పెట్టింది, ఇయర్‌పీస్‌లోంచి మనకి వినపడని అల్ట్రాసౌండ్ వదిలి మైక్‌తో దాని ప్రతిధ్వని వినడం. గబ్బిలం పద్ధతి. తర్వాత బడ్జెట్ ఫోన్లలో చాలావాటికి ఇలాంటివి వచ్చాయి, కొన్ని శాంసంగ్ ఏ సిరీస్ ఫోన్లలో కూడా వర్చువల్, అంటే విడిగా ఆ సెన్సర్ లేదు అని, రాసి ఉంటాది. వీటిలో నువ్వు కిటికీ తుడిచి, రబ్బర్ వెతికి ఏం ప్రయోజనం లేదు. అల్ట్రాసౌండ్ రకమైతే చూడాల్సింది ఇయర్‌పీస్ మెష్, పైన మైక్ చిల్లు, కొత్త డిస్‌ప్లేతో వేసిన ఇయర్‌పీస్ ఒరిజినలా కాదా, ఇవి. మోడల్ పేరు పెట్టి స్పెసిఫికేషన్స్‌లో ప్రాక్సిమిటీ పక్కన వర్చువల్ అనో అల్ట్రాసోనిక్ అనో ఉందేమో ముందే చూసుకో.

మామూలు ఇన్‌ఫ్రారెడ్ రకమైతే ఎల్ఈడీ వెలుగుతోందో లేదో ఇంట్లోనే చూడొచ్చు. లైట్లు ఆర్పేసి, అమ్మ ఫోన్‌లో కాల్ పెట్టి, నీ ఫోన్ సెల్ఫీ కెమెరాతో ఆ పై అంచుని చూడు, ఊదా రంగులో చిన్న చుక్క మినుకుతాది. ముందు టీవీ రిమోట్ నొక్కి అదే కెమెరాతో చూసుకో, రిమోట్‌దే కనపడకపోతే నీ కెమెరాలో ఇన్‌ఫ్రారెడ్ ఫిల్టర్ గట్టిగా ఉందని, ఈ టెస్టు వదిలెయ్. చుక్క కనపడలేదని మాత్రం సెన్సర్ పోయిందని తీర్పు చెప్పొద్దు, కనపడితే మాత్రం ఎల్ఈడీ బతికి ఉందని గ్యారంటీ.

5 రావడం మొదలయ్యాక ఇంకో చిన్న పరీక్ష. తెల్ల కాగితం నాలుగైదు సెంటీమీటర్ల దూరం నుంచి మెల్లగా దగ్గరికి తీసుకురా, ఎక్కడ 0 అవుతోందో చూడు. తర్వాత నల్ల గుడ్డతో అదే చెయ్యి. నల్లది చాలా దగ్గరికి వస్తే గానీ పట్టుకోదు, నల్ల జుట్టు కూడా అంతే, ఇన్‌ఫ్రారెడ్‌ని మింగేస్తాది. కాగితాన్ని పట్టుకొని జుట్టుని పట్టుకోకపోతే అది జబ్బు కాదు, అమ్మ చెవి మీదకి జుట్టు వేసుకొని మాట్లాడతారేమో. ఈ టెస్టులన్నీ ఇంట్లో చెయ్యి, మేడ మీద ఎండలో చెయ్యొద్దు, ఎండలో ఇన్‌ఫ్రారెడ్ దండిగా ఉంటాది, రీడింగ్ నమ్మలేం.

క్యాలిబ్రేషన్, అంటే ‘ఏమీ లేదు’ అనే రీడింగ్ ఏదో సెన్సర్‌కి మళ్ళీ నేర్పించడం, దాని గురించి కూడా ఎవరో నీకు చెప్పారన్నావు. షావోమి టెస్ట్ మెనూలాంటి వాటిలో ఆ ఆప్షన్ ఉంటాది నిజమే, కానీ అది చివర్లో. మురికి గ్లాస్ మీద, రబ్బర్ లేకుండా క్యాలిబ్రేట్ చేస్తే ఆ తప్పు రీడింగ్‌నే ‘ఏమీ లేదు’ అని నేర్చుకుంటాది, అప్పుడు రివర్స్‌లో ఎప్పుడూ ‘దూరం’ అయి కూర్చుంటాది, చెంప తగిలి అమ్మ ఎవరెవరికో వీడియో కాల్స్ కొడతా ఉంటారు. అంతా శుభ్రం చేసి, సరిగ్గా మూసి, టేబుల్ మీద వెల్లకిలా పెట్టి, పైన ఏమీ లేకుండా చెయ్యాలి. ఫ్యాక్టరీ రీసెట్ మాత్రం ఎవరు చెప్పినా చెయ్యొద్దు, డిస్‌ప్లే మార్చిన రోజు మొదలైన జబ్బుకి సాఫ్ట్‌వేర్ మందు దండగ, ఉన్న ఫోటోలు పోగొట్టుకోవడం తప్ప.

ఐఫోన్ ఉన్నోళ్ళు కూడా ఇది చదువుతారు కాబట్టి ఒక్క మాట. ఐఫోన్ ఎక్స్ నుంచి 12 దాకా ఇయర్‌పీస్ స్ట్రిప్ మీదే ఫేస్ ఐడీకి (ముఖం చూసి లాక్ తీసేదానికి) కావాల్సిన ఫ్లడ్ ఇల్యూమినేటర్, అంటే ముఖం మీద ఇన్‌ఫ్రారెడ్ వెలుతురు పరిచేది, ఉంటాది, అది ఆ ఫోన్‌కే జత కట్టి ఉంటాది. ప్రాక్సిమిటీ కోసమని ఎవడైనా ఆ స్ట్రిప్ మొత్తం మార్చి పారేస్తే ఫేస్ ఐడీ పోతాది. పాత స్ట్రిప్ చేతికి ఇవ్వమని అడగండి, దాన్ని పెట్టుకొని మైక్రోస్కోప్ కింద పని తెలిసినోడు ఎవరైనా బాగుచేస్తే చేస్తాడు.

సరే తమ్ముడూ, నీ పని. ఈ టెస్టులు చేసుకొని, 0 దగ్గర నిలిచిపోయిన స్క్రీన్‌నీ, లక్స్ కదలడాన్నీ వీడియో తీసుకొని అదే షాపుకి పో. మార్పించి నెలే కాబట్టి ఆ పని వారంటీలోనే ఉండాలి, బిల్లు లేకపోయినా యూపీఐలో డబ్బు కొట్టింది ఉంటాది గదా. గొడవ పడొద్దు, నవ్వుతా తమిళంలో ‘అణ్ణా, పళయ డిస్‌ప్లే ఇరుక్కా’ (అన్నా, పాత డిస్‌ప్లే ఉందా) అని అడుగు. ఉంటే పైభాగం లోపలి వైపు చూడమను, రబ్బర్ అక్కడే అంటుకొని ఉంటాది. లేదంటాడేమో, అప్పుడు స్క్రాప్ ఫోన్లోంచి అదే మోడల్ రబ్బర్ తీసి వెయ్యమను, అదీ లేకపోతే నల్ల ఫోమ్ టేప్‌ని సన్నగా కోసి ఎల్ఈడీకీ డయోడ్‌కీ మధ్య గోడలా నిలబెట్టినా పని చేస్తాది, మేము చాలాసార్లు చేశాం. కిటికీ మీద పడకూడదు, మధ్యలో మాత్రమే. మూసే ముందు డిస్‌ప్లే ఊరికే ఆనించి పట్టుకొని 5 వస్తోందో లేదో నీ కళ్ళ ముందే చూపించమను, జిగురు పెట్టాక కాదు. వాడు విప్పినప్పుడు లోపల ఒక ఫోటో తియ్యి, మోడల్ పేరుతో పాటు ఇక్కడే కింద పెట్టు, చూసి చెప్తా.